లైబిష్ బాబాయి కూర్చున్న రోజు

మా లైబిష్ బాబాయి కూర్చోలేడు. కాళ్లకు జబ్బేమీ లేదు, కుర్చీ అంటేనే పడదు. పెళ్లిలో వరుణ్ణి కుర్చీతో సహా పైకెత్తి ఆడించడం మా యూదుల ఆచారం. బాబాయి గాల్లోనే లేచి నిలబడ్డాడట. మోసిన నలుగురిలో ఇద్దరు ఇప్పటికీ నడుం పట్టుకునే నడుస్తారు.

భోజనం మధ్యలో ఉప్పు కోసం లేస్తాడు. ఉప్పు ఎదురుగానే ఉందని చూపిస్తే మిరియాల కోసం లేస్తాడు. ప్రార్థనా మందిరంలో లేచి నిలబడే చోట్ల ఆయనంత భక్తుడు లేడు. అందరూ కూర్చునే సరికి వాతావరణం చూసొస్తానని బయటికి పోతాడు.

జెల్డా పిన్నిది అసలు భక్తి. శుక్రవారం పొద్దుగూకితే మా విశ్రాంతి దినం మొదలైనట్టే, ఇక దీపం ముట్టుకోదు. వెలిగించమని ఎవర్నీ నోరు తెరిచి అడగనూ కూడదు. అందుకని మెట్ల దగ్గర నిలబడి గాలితో చెబుతుంది: "ఏమిటో, వంటింట్లో కళ్లు పొడుచుకున్నా కనపడటం లేదు!" మా భవనాన్ని వెచ్చగా ఉంచే బాయిలర్ చూసే లాషాన్స్ క్రైస్తవుడు, అతనికా పట్టింపు లేదు. వచ్చి, స్విచ్ వేసి, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి వెళతాడు. వారం వారం ఇదే నాటకం.

బాబాయికి క్రిస్మస్ గండం. ఆ రోజు మా మాంట్రియల్ నగరం మొత్తం తలుపులు మూసుకుంటుంది. పండగ మాది కాదు, సెలవు మాత్రం మాకూ అంటగట్టారు. కాబట్టి మధ్యాహ్నం, ఆ రోజూ తెరిచుండే చైనా హోటల్, ఆ తర్వాత సినిమా. పంది మాంసం మాకు నిషిద్ధమైనా, హోటల్ చారులో ఏం మాంసం వేశారని అంత భక్తురాలైన పిన్ని కూడా అడగదు. "అడిగితే కదా పాపం" అంటుంది.

సినిమా మొదలైన పది నిమిషాలకు బాబాయి మాయం. సాయంత్రం చొక్కా చేతులకు మసితో తేలతాడు. ఇరవై రెండేళ్లు ఓర్చుకున్న పిన్ని ఆ ఏడాది హోటల్లోనే తేల్చి చెప్పింది.

"ఏమండీ, నేనేటా సినిమా చూసేది మీ కోటు పక్కన కూర్చుని. ఈసారి లేచారో, నేను టొరంటోలో మా అక్క దగ్గరికి పోతా. మళ్లీ రమ్మన్నా రాను."

"లేవనే!"

"ఒట్టు?"

"ఒట్టు. ఇంతకీ ఎంతసేపు?"

"రెండున్నర గంటలు."

బాబాయి ముఖం పాలిపోయింది. వెంటనే టీ కోసం లేచాడు. హోటలతను ఆయన చేతికో పళ్లెం ఇచ్చి, "ఎలాగూ తిరుగుతున్నారుగా, ఆ మూడో బల్ల వాళ్లకిచ్చేయండి" అన్నాడు.

సినిమా హాల్లో దీపాలు ఆరాయి. కుర్చీ కిర్రుమంది.

"కారుకి తాళం వేశానో లేదో..."

"మనకు కారే లేదు!"

"లేదా? ఎవడో ఎత్తుకుపోయుంటాడు. చూసొస్తా."

పిన్ని నా చెయ్యి పట్టుకుని లాగింది. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. "పదవే! ఇవాళ తేలిపోవాలి."

మంచులో ఆయన అడుగులు మా భవనానికే వచ్చాయి. పైకి కాదు, కిందికి దిగాయి. బాయిలర్ గది తలుపు తోశాం.

బాబాయి కూర్చుని ఉన్నాడు! విరిగిన కుర్చీలో, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మీటరు ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండా.

"లాషాన్స్ ఏడీ?" అంది పిన్ని.

"ఇంట్లో. పిల్లలతో పండగ భోజనం చేస్తున్నాడు. మనం ఇక్కడికొచ్చిన ఏడాది క్రిస్మస్‌నాడు మెట్ల దగ్గర గాలితో అన్నాడు: 'ఏమిటో, పిల్లలు ఎదురుచూస్తున్నారు, యజమానేమో బాయిలర్‌ని క్షణం వదలొద్దంటాడు.' నన్నేమీ అడగలేదే!"

"నాకు చెప్పొచ్చుగా?"

"చెబితే రేపటికి నలభై ఇళ్లకూ తెలుస్తుంది. యజమాని చెవిన పడితే వాడి ఉద్యోగం పోతుంది. లేచి తిరిగితే ముల్లు సంగతి మర్చిపోతాను, ఇంకా రెండు గంటలు కూర్చోవాలి. చచ్చిపోతున్నానే!"

పిన్ని తలుపు మూసింది. తర్వాత గోడకేసి చూస్తూ అంది:

"ఏమిటో, ఈ గదిలో కూర్చుందామంటే ఎక్కడా చోటే లేదు!"

బాబాయి ఎగిరి లేచి కుర్చీ ఇచ్చేశాడు.

పిన్ని కోటు విప్పి, ముల్లుకేసి చూస్తూ కూర్చుంది. బాబాయి బాయిలర్ చుట్టూ హాయిగా తిరగడం మొదలుపెట్టాడు. నన్ను మాత్రం మళ్లీ హాలుకు తరిమారు, సినిమా చివర ఏమయిందో చూసొచ్చి చెప్పమని.