కడిగి బోర్లించిన డబ్బా

ఈ ఏడు కూడా ఆ వీడియో వచ్చింది. అమెరికాలో మేముండే అరోరాలో, మా ఆదివారం తెలుగు బడిలో పాఠాలు చెప్పేవాళ్ళందరం ఏడాదికోసారి కంప్యూటర్ ముందు కూర్చుని దాన్ని ఆసాంతం చూసి, చివర్లో ప్రశ్నలకు జవాబులు నొక్కాలి. నొక్కకపోతే 'అ, ఆ'లు దిద్దించడానికి కూడా గది తలుపు తీయరు. పిల్లలు, ముసలివాళ్ళు, తమ పని తాము చేసుకోలేనివాళ్ళు, పెంపుడు జంతువులు – వీళ్ళని ఎవరైనా బాధపెడుతున్నా, పట్టించుకోకుండా వదిలేస్తున్నా ఎలా గుర్తుపట్టాలి, పట్టాక ఏం చేయాలి అన్నది విషయం. విషయం గొప్పదే. వీడియోయే ఎన్నేళ్ళుగానో మారలేదు. అందులో కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుండే ముసలాయన నాకు బంధువైపోయాడు. ఆయన వయసు అక్కడే ఆగిపోయింది, నేనే ఏటేటా ఆయన వైపు నడుస్తున్నాను. ఒక ఏడు మధ్యలో కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి తెర మీద 'మీరు ఇంకా ఉన్నారా?' అని అడుగుతోంది. ఆ వీడియో మొత్తంలో జవాబు చెప్పడం కష్టమనిపించిన ప్రశ్న అదొక్కటే.

ఈసారి నిద్ర రాలేదు. 'ఇంట్లోవాళ్ళు చెప్పే కారణాన్ని కాదు, మనిషిలో వచ్చిన మార్పుని చూడండి' అనే మాట దగ్గరికి వచ్చేసరికి, ఎప్పటిలాగే, నాకు కళ్ళముందు మనిషి కనబడలేదు. కుక్క కనబడింది. బాగా బలిసిన కుక్క.

దాని పేరు లడ్డు. ఈ జ్ఞాపకంలో పేరు పెట్టి చెప్పదగ్గది అదొక్కటే, ఎందుకంటే అది ఎవరి మీదా కోపం పెట్టుకోదు. మా వీధి మలుపులో ఉండే ఒక అమ్మాయిది ఆ కుక్క. అమ్మాయి అంటున్నానే గానీ అప్పటికే ఆమెకు నలభై దాటాయి. నన్ను అక్కా అనేది. భర్తకు వేరే రాష్ట్రంలో ఉద్యోగం, శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం విమానం ఎక్కేవాడు. ఆమెకు షామ్‌బర్గ్‌లో ఆఫీసు. హైస్కూలు చదివే కూతురు. వీళ్ళందరికీ తోడు ఆమె తల్లి, తెనాలి వైపు ఆవిడ. మనవరాలు పుట్టినప్పుడు సాయానికని వచ్చి, గ్రీన్‌కార్డు వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. ఆవిడని నేను పిన్నిగారూ అనేదాన్ని. లడ్డు ఆ ఇంటికి వచ్చినప్పుడు నిజంగానే లడ్డంత ఉండేదట. తరవాత పేరుని మోయలేక మోస్తూ పెరిగింది. మా పరిచయం ముదరడానికి కారణం కూడా దాని ఒళ్ళే. జంతువుల డాక్టరు దానికీ, మనుషుల డాక్టరు నాకూ ఒకే నెలలో ఒకే మందు రాశారు: నడక. ఒకే మందు ఇద్దరూ కలిసి వాడితే పోతుందని, రోజూ నాలుగింటికి నేను వెళ్ళి దాన్ని తీసుకుని చెరువు చుట్టూ తిప్పుకొచ్చేదాన్ని. నేను కాస్త తగ్గాను. అది తగ్గలేదు. దాని తిండి సగానికి సగం కోశారు, కొలిచి పెట్టేవారు. అయినా మెడ పట్టీకి ఇంకో కన్నం పొడవాల్సి వచ్చింది. "దీనిది గాలి పీల్చినా ఒళ్ళు చేసే శరీరం అక్కా, మనలాగే," అనేది ఆ అమ్మాయి. నేను 'మన' అన్న మాటకు కృతజ్ఞతతో నవ్వేదాన్ని.

కుక్క ఇలా ఉంటే, పిన్నిగారు అలా తగ్గుతూ వచ్చింది. కానీ దానికి మా అందరి దగ్గరా చాలా పవిత్రమైన కారణం ఉంది: ఉపవాసాలు. సోమవారం శివుడికి, గురువారం బాబాకి, శనివారం వెంకన్నకి, మధ్యలో ఏకాదశులు, సంకష్టహర చతుర్థులు. దేవుళ్ళందరూ అయిపోయాక మిగిలిన రోజు 'ఒంటికి తేలిగ్గా ఉంటుందని'. ఎవరింటికి భోజనానికి వచ్చినా పళ్ళెం పక్కకి జరిపేసేది. "కొంచెం పులిహోర పెట్టుకోండి పిన్నిగారూ," అని నేను ఆవిడని అడిగితే జవాబు కూతురి నుంచి వచ్చేది: "అమ్మకి ఇవాళ ఫాస్టింగ్ అక్కా." ఆవిడ నవ్వి తల ఊపేది. ఈ మంచుదేశంలో కూడా ఎంత నిష్ఠ అని ఆడవాళ్ళం కళ్ళు పెద్దవి చేసుకునేవాళ్ళం. ఏకాదశి అని తెలిసిన క్షణం నుంచే ఆకలి మొదలయ్యే జాతి నాది, నాకైతే మరీ ఆశ్చర్యం. ఒక సత్యనారాయణ వ్రతంలో ఆవిడ చెయ్యి ఎత్తి హారతి కళ్ళకద్దుకుంటుంటే గాజులు మోచేయి దాటి పైకి జారాయి, దించితే వేళ్ళ కణుపుల దగ్గరికి వచ్చి ఆగాయి. పక్కనున్నావిడ నా చెవిలో, "చూశారా, తపస్సు చేసిన ఒళ్ళు," అంది. అందరం వరసగా కాళ్ళకి దండం పెట్టాం. ఆ రోజే ప్రసాదం రవ్వకేసరి మాత్రం ఆవిడ మూడుసార్లు పెట్టించుకుంది. ఉపవాసానికి ప్రసాదం అడ్డు కాదు కదా అని అదీ భక్తి ఖాతాలోనే వేశాం.

ఒక బుధవారం సాయంత్రానికి మంచు పడుతుందన్నారు. ఆ లోపే నడక ముగిద్దామని నేను మధ్యాహ్నమే వెళ్ళాను. గరాజ్ తలుపు కోడ్ నాకు తెలుసు. వంటింట్లోకి అడుగు పెట్టేసరికి పిన్నిగారు చిన్న పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కూతురు పొద్దున్నే సర్ది వెళ్ళిన భోజనం డబ్బా. పప్పన్నం చక్కగా కలిపి, ముద్దలు చేసి, ఒక్కొక్కటే లడ్డు నోటికి అందిస్తోంది. "తిను నాన్నా, ఇదొక్కటీ తిను," అని చంటిపిల్లకి పెట్టినట్టే. నన్ను చూసి ఉలిక్కిపడింది. కుక్క మాత్రం ఉలిక్కిపడలేదు.

"మీరు తిన్నారా పిన్నిగారూ?"

"ఇవాళ శనివారం కదమ్మా."

నేను దిద్దలేదు. వీడియోలో చెప్పినవాటిలో నాకు బాగా గుర్తున్నది ఒకటుంది: ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, అడిగాక నోరు మూసుకుని ఆగండి. మాస్టారి ఉద్యోగం చేసేవాళ్ళకి రెండో సగం చాలా కష్టం. ఎదురుగా నేల మీద కూలబడి, "ఆకలి వేయట్లేదా?" అని అడిగి ఊరుకున్నాను.

"పళ్ళసెట్టు పెట్టుకుంటే చిగుళ్ళన్నీ పుళ్ళు పడుతున్నాయే అమ్మాయ్," అంది చివరికి. "తీసేస్తే నమల్లేను. ఫ్రిజ్జులోది తీస్తే అన్నం గులకరాళ్ళలాగ ఉంటది. ఆ వేడిచేసే పెట్టె నాకు చేతకాదు. పొయ్యి వెలిగించుకుందామంటే దానికి చెవులు పీకేశారు."

చూస్తే నిజమే. ఒకసారి ఆవిడ పొయ్యి ఆర్పడం మరిచిపోయిందని, మంట తిప్పే గుండీలన్నీ తీసి ఎక్కడో దాచారు. దాచినవాళ్ళది జాగ్రత్తే.

"మరి అమ్మాయితో చెప్పొచ్చు కదా?"

"దానికి ఉన్న తలనొప్పులు చాలవా? తెల్లారకుండా లేచి వండి పెట్టి పోతది. పారేస్తే చెత్తబుట్టలో కనబడి బాధపడదూ? దీనికి పెడితే పుణ్యం, నోరు లేని జీవి," అని డబ్బా అడుగున ఉన్న మెతుకులు కూడా దానికి ఊడ్చిపెట్టి, లేచి, డబ్బా శుభ్రంగా తోమి, సింకు పక్కన బోర్లించింది. సాయంత్రం ఇంటికొచ్చిన కూతురికి కనబడేది ఆ బోర్లించిన డబ్బా ఒక్కటే. అమ్మ తిన్నది, హమ్మయ్య. ఆ వంటింట్లో నోరు లేని జీవి ఏదో నాకు ఆ పూట సరిగ్గా తెలియలేదు. మైక్రోవేవ్‌లో పాలు వేడిచేసి, అన్నం మెత్తగా పిసికి ఇచ్చాను. తల ఎత్తకుండా తింది.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి లాప్‌టాప్ సంచీ భుజం మీంచి దింపకముందే చెప్పేశాను. కోటు కూడా విప్పకుండా నిలబడిపోయింది.

"అంటే? మా అమ్మని పస్తులు ఉంచానంటారా అక్కా?"

"ఉంచావనలేదు. ఉందంటున్నాను."

"టీత్ సంగతి నాకూ తెలుసు. ఇక్కడ అపాయింట్‌మెంట్‌లు, మళ్ళీ మళ్ళీ లీవ్‌లు... మార్చిలో ఇండియా వెళ్తాంగా, అక్కడ చేయిద్దామనుకున్నా."

ఈ మాటకి మాలో ఎవరం ఎవర్నీ తప్పుపట్టలేం. పళ్ళు ఇండియాలో, కళ్ళజోళ్ళు ఇండియాలో, జాకెట్లు ఇండియాలో. మాకు గడియారంలో లేని ఒక కాలం ఉంది, దాని పేరు 'ఇండియా వెళ్ళినప్పుడు'. పిన్నిగారి పళ్ళు అంతకుముందు ఏడు కూడా మార్చికే వాయిదా పడ్డాయట. ఏదో ప్రాజెక్టు అడ్డొచ్చి టికెట్లు రద్దయ్యాయి. అప్పటికి నవంబరు. మార్చి దాకా ఏం తింటుందమ్మా అంటే, ప్రొటీన్ షేక్‌లు కొనిపెడతానంది. కొంది కూడా. రెండు వారాల తరవాత లడ్డు తివాచీ మీద చాక్లెట్ రంగులో కక్కింది. షేక్‌లు కూడా ఎటు పోతున్నాయో అప్పుడు తెలిసింది. పిన్నిగారు హాల్లో గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ అమ్మాయి చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు ఫోన్ తీయడం ఎంత సులువయ్యేదో. ఆమె అలిసిపోయిన మనిషి, అంతే. ఆ అలసట ఖర్చు మాత్రం ఇంకొకరి ఒంట్లోంచి పోతోంది.

"నేను కౌంటీలో ముసలివాళ్ళ బాగోగులు చూసేవాళ్ళకి ఫోన్ చేస్తాను," అన్నాను. "నీ వెనకాల చేయడం ఇష్టం లేక ముందే చెబుతున్నా."

"పోలీసులొస్తారు. పిల్లని తీసుకుపోతారు. నా జాబ్ పోతుంది. మీకేం అక్కా, మీరు రిటైరయ్యారు."

నాకూ ఆ భయాలన్నీ ఉన్నాయి. 'రుజువు చేయడం మీ పని కాదు, చెప్పడం మీ పని' అని వీడియోలో చల్లగా అంటారు. చెప్పాక అదే వీధిలో బతకడం ఎలాగో ఏ ప్రశ్నలోనూ ఉండదు. ఫోన్‌లో సంగీతం వింటూ ఎంతసేపు కూర్చున్నానో, ఆ పాట ఇప్పటికీ పూర్తిగా పాడగలను. మా ఆయన కాఫీ తెచ్చి పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళాడు. మా ఇంట్లో అది పెద్ద మద్దతు.

పోలీసులు రాలేదు. మంచు బూట్లు వేసుకుని కౌంటీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఎవరూ చెప్పకుండానే గుమ్మంలో బూట్లు విప్పింది. పిన్నిగారితో విడిగా మాట్లాడాలంది. కూతురు తాను అనువదిస్తానంటే, ఇంట్లోవాళ్ళు వద్దని ఫోన్‌లో ఒక తెలుగాయన్ని కలిపింది. ఫోన్ చేసింది మీరే, మీరూ ఉండండి అని కూతురు పిలిస్తే నేనూ వెళ్ళాను. ఇద్దరం వంటింట్లో ఉండిపోయాం. పిన్నిగారికి వినికిడి తక్కువ కాబట్టి స్పీకర్ పెద్దగా పెట్టారు. తలుపు వేసి ఉన్నా ప్రతి మాటా ఇవతలికి వస్తోంది.

"నమస్తే అమ్మా. మంచిగున్నరా?" అన్నాడు ఫోన్‌లో ఆయన.

"ఏ ఊరు నాయనా మీది?"

"మాది కరీంనగర్ అమ్మా. ఈ మేడమ్ అడుగుతున్నరు, ఇంట్ల మీకు ఎవరితోనైనా భయమైతదా?"

"భయమెందుకు నాయనా? నా బిడ్డ బంగారం," అంది పిన్నిగారు. కొంచెం ఆగి, "ఆకలేస్తది," అంది.

ఆ మాట ఇంగ్లీషులోకి మారి వినబడేలోపే నా పక్కనున్న అమ్మాయి సింకు అంచు పట్టుకుంది. అక్కడ పొద్దుటి డబ్బా బోర్లించి ఉంది. దాన్ని తీసి, తిప్పి, ఖాళీ లోపలికి చూస్తూ నిలబడింది. ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి.

తరవాత జరిగినవి చెప్పుకోవడానికి ఏమంత ఉండవు. మధ్యాహ్నం పూట వచ్చి, వేడిగా పెట్టి, తినేదాకా కూర్చునే మనిషిని కుదిర్చారు. ఆ వారంలోనే పళ్ళ డాక్టరు. చిక్కిపోయిన చిగుళ్ళకి పాత సెట్టు వదులైపోయి రాపిడి పెడుతోందన్నాడాయన. వేడిచేసే పెట్టె మీద నొక్కాల్సిన చోట పిన్నిగారి బొట్టుబిళ్ళ ఒకటి అంటించాం. ఆ అమ్మాయి మాత్రం చలికాలమంతా నాతో మాట్లాడలేదు. ఇండియన్ దుకాణంలో నేను కందిపప్పు దగ్గరికి వస్తే తను మినప్పప్పు వైపు వెళ్ళిపోయేది. నేను తప్పు చేశాననుకోలేదు గానీ, నాకు ఇష్టమైన మనిషికి నేను మినప్పప్పు అవతల మనిషినైపోయానని రోజూ అనుకున్నాను. మంచు కరిగాక ఒక సాయంత్రం గుమ్మంలో నిలబడి లడ్డు తాడు నా చేతికిచ్చి, "ఇది మీకోసం గోల చేస్తోంది," అంది. మేం ఇద్దరం కాస్త సన్నబడ్డాం ఆ ఏడు, నేనూ లడ్డూ.

పిన్నిగారు ఆ తరవాత ఇంకొన్నాళ్ళు బతికింది. ఏకాదశి నాడు కూడా దిబ్బరొట్టె అడిగి చేయించుకునేది. తన మంచం మీద, తన ఇంట్లో పోయింది.

మొన్న వీడియో అయిపోయాక కాళ్ళు వాటంతటవే ఆ ఇంటికి నడిచాయి. లడ్డు ముసలిదైపోయింది. పళ్ళు దాదాపు అన్నీ తీసేశారు. ఆ అమ్మాయి ఇంటి నుంచే చేసే ఆఫీసు పని మధ్యలో లేచి వచ్చి, వంటింట్లో తల్లి పీట మీదే కూర్చుని, గోరువెచ్చటి నీళ్ళతో అన్నం మెత్తగా పిసికి దాని నోటికి అందిస్తోంది. ఒక ముద్ద పెడుతుంది, చేయి గాల్లో ఆపి, దాని గొంతు వైపే చూస్తుంది. గుటక పడ్డాకే రెండో ముద్ద.

"ఆఫీసు మీటింగ్ లేదూ?" అన్నాను.

"వాళ్ళు ఆగుతారక్కా," అంది, కళ్ళు దాని గొంతు మీంచి తిప్పకుండా.

నిజమే, చాలా ఆగుతాయి. టికెట్లు ఆగుతాయి, మార్చి నెల ఏటేటా మళ్ళీ వస్తుంది, ఆ వీడియోలో ముసలాయన ఎన్నాళ్ళైనా ఆ కిటికీ దగ్గరే ఉంటాడు. ముద్దకీ గుటకకీ మధ్య ఉండే ఆ కాసింత కాలాన్ని మాత్రం ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూడాలి, అది మార్చి దాకా ఆగదు.