నేను కొట్టిన మొదటి మేకు

పోయిన వారం మా కోడలు సేలం నుంచి ఒక డిజైనరమ్మాయిని పిలిపించింది. మా హాలుకు వయసైపోయిందట, దాన్ని కొత్తగా తీర్చిదిద్దాలట. వయసైపోయింది హాలుకా నాకా అని అడగబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని కాఫీ గ్లాసు పట్టుకుని ఒక మూల కూర్చున్నాను. ఆ పిల్ల ఎర్రటి చుక్క పడే ఏదో యంత్రంతో గోడలన్నీ కొలిచి, చివరికి పడమటి గోడ ముందు నిలబడి, అక్కడున్న గడియారాన్ని ఎగాదిగా చూసి, ముందు దీన్ని తీసేద్దాం ఆంటీ అని అరవంలో చెప్పి, చేతిలో ఉన్న పలకలాంటి దాంట్లో బొమ్మ గీసి చూపించింది. అదే గోడ మీద, ఒక కట్టెకు వేలాడదీసిన అతుకుల బొంత! పాతకాలపు అందమట. నాకు ఒళ్ళు మండిపోయింది. సగం కాఫీ అక్కడే వదిలేసి పెరట్లో బట్టలు ఉతికే రాయి మీద వెళ్ళి కూర్చున్నాను. ఈ ముసలామెకు ఇంత కోపం దేనికో ఆ పిల్లకూ తెలియదు, మా కోడలికీ తెలియదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి మీకైనా చెప్పుకుంటాను.

ధర్మపురిలో మాలాంటి వాళ్ళం ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం మాట్లాడుకుంటూ తరాలు గడిపేశాం. కుప్పం బడిలో చదువుకున్న మా నాన్న పట్టుబట్టి నాకు అక్షరాలు నేర్పించాడు గానీ, మా ఇంట్లో నేను తప్ప తెలుగు చదవగలిగిన మనిషి ఈరోజుకీ లేడు. అందువల్ల ఎవరినైనా ఇక్కడ కడుపారా తిట్టుకోవచ్చు, అడిగేవాడు లేడు. ముందు మా పాత ఇంటి ఓనరమ్మతో మొదలుపెడతాను.

నేను ఆడపిల్లల బడిలో కుట్టు టీచరుగా పనిచేసేదాన్ని. రంగుల పిచ్చి నాకు అక్కడే పట్టుకుంది. ఏ రంగు పక్కన ఏ రంగు పెడితే రెండూ బతుకుతాయో పిల్లలకు చెప్పి చెప్పి, సాయంత్రం ఇంటికొస్తే చూడటానికి నాలుగు బోసి గోడలు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళు అద్దె ఇళ్ళలోనే కాపురం చేశాం. ఏ ఇంట్లోనూ మేకు కొట్టకూడదు. చివరి ఇంటి ఓనరమ్మ అయితే నెలకొకసారి ఏదో వంకతో లోపలికొచ్చి, గోడను అరచేత్తో తడిమి చూసుకుని పోయేది. క్యాలెండరు తలుపు గడియకు తగిలించుకున్నాం, దేవుడి పటాలు బెంచీ మీద నిలబెట్టుకున్నాం. మా పిల్లవాడు ఒకసారి ఎక్కడో చిన్న మేకు కొట్టాడని తెలిసి, ఆమె వచ్చేలోగా దాన్ని పీకి ఆ బొక్కలో పళ్ళపొడి ముద్ద నింపి పైన సున్నం రాసిన మనిషిని నేను. నవ్వకండి, మీలో ఎంతమంది టూత్‌పేస్టు నింపారో నాకు తెలుసు.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్ళకు పెన్నాగరం రోడ్డు వైపు మాకంటూ ఒక ఇల్లు లేచింది. ఊళ్ళో అప్పుడు ఎటు చూసినా కొత్త ఇళ్ళే, ఏ ఇంట్లో చూసినా ఒకటే వేషం. ముందు గది నిండా అద్దాల షోకేసు, మధ్యలో టీవీ, ఎవరూ తాగని టీ కప్పులు, ప్లాస్టిక్ కవరు కూడా విప్పని బొమ్మలు, ఒక గోడకు చిలకపచ్చ, ఎదురుగోడకు వంకాయ రంగు. నాకేమో అవి చూస్తే తలనొప్పి వచ్చేది. చిన్నప్పుడు మా అవ్వ ఇంట్లో ఉన్నటువంటి ఎర్రసిమెంటు గచ్చు, ఒక పేము కుర్చీల జత, కిటికీకి నేను కుట్టిన నూలు తెరలు, ఇంతే నేను అడిగింది. ఎర్రగచ్చా, అది లేనివాళ్ళు వేసుకునేది అని మేస్త్రి నవ్వాడు. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, వదిన అని పిలిచేదాన్ని, ఆమె భర్తకు తెలిసిన గ్రానైటు పాలిషు పట్టేచోటు ఉందని లారీలో నల్లరాయి వచ్చి దిగింది. నల్లరాయి దొరికే ఊళ్ళో పుట్టిన పాపానికి నేను ఇరవై ఏళ్ళుగా దాని మీద కాలు జారకుండా నడవడం నేర్చుకుంటూనే ఉన్నాను. గచ్చు పోయిందా, ఆ వెనకే సేలం నుంచి ఆమె పంపిన వడ్రంగి వచ్చి, వద్దు మొర్రో అంటున్నా షోకేసు బిగించి వెళ్ళాడు. నెత్తీ నోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేడు. మా ఆయన మంచివాడే, అక్క ముందు మాత్రం ఆయనకు నోరు పెగలదు.

చివరికి నేను అన్నం మానేసి కూర్చుంటే దిగొచ్చి, ఒక్క గోడ నీ ఇష్టం, దాని జోలికి ఎవరినీ రానివ్వను అని మాటిచ్చాడు. అదే హాల్లో పడమటి గోడ. పద్దెనిమిదేళ్ళ మీదట నాకు దక్కిన ఒకే ఒక్క గోడ అది. పెయింటరు దానికి రోజా రంగు పూయబోయాడు, అందరూ అదే అడుగుతారట. మూడుసార్లు కలిపించి, మూడోసారి నేనే కర్ర తీసుకుని డబ్బాలో తిప్పి, రాగిపిండి రంగు వచ్చేదాకా వాణ్ణి వదల్లేదు. ఆ గోడ మీద ఏం పెట్టాలో నాకు ఎప్పటినుంచో తెలుసు. మా అమ్మ కుట్టిన బొంత పెట్టాలి.

ఆ బొంత గురించి చెప్పకపోతే మీకు అర్థం కాదు. మా అవ్వ ముదురాకుపచ్చ చీరలు, వాటి మామిడిపండు రంగు అంచులు, అమ్మ పెళ్ళినాటి కుంకుమరంగు చీరలో మిగిలిన చెంగు, అడుగుపొరకు నాన్న పంచెలు, నా చిన్నప్పటి పావడా ముక్కలు రెండు, అన్నిటినీ కలిపి అమ్మ సూదితో కుట్టింది. చీమల బారులాగా వరస తప్పని కుట్లు. బడిలో నేను ఇన్నేళ్ళు ఎంతమంది పిల్లలకు కుట్టు నేర్పానో, ఒక్కరి చేతా అలాంటి కుట్టు కుట్టించలేకపోయాను. మరి అంతటి పనితనం అమ్మ పెట్టె అడుగున పడి ఉండటం ఏమిటి? మా పుట్టింటికి, కారిమంగళం వెళ్ళి, చలికి కప్పుకుంటాను ఇవ్వమ్మా అని అడిగి తెచ్చుకున్నాను. గోడకు పెడతానని చెప్పలేదు. చూసి మురిసిపోతుందని, ఆ మురిపెం కళ్ళారా చూడాలని నా ఆశ.

పాలు పొంగించడానికి మూడు రోజుల ముందు, ఎవరి సాయమూ లేకుండా స్టూలెక్కి ఆ గోడకు నేనే మేకు కొట్టాను. నా జన్మలో నేను కొట్టిన మొదటి మేకు అది. రెండుసార్లు వేలి మీద కొట్టుకున్నాను, అయినా ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. బొంతను సగానికి మడిచి వెదురుకర్ర మీద వేసి, తాడు కట్టి తగిలించి దూరంగా నిలబడి చూస్తే, ఆ రాగిపిండి రంగు మీద అవ్వ ఆకుపచ్చా అమ్మ కుంకుమా వెలిగిపోతున్నాయి. చూసినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరూ నా ప్రాణం తీశారు. పెయింటరు తడి చేతులు తుడుచుకునే గుడ్డ అనుకుని దాని మీద చెయ్యి వెయ్యబోతే అరిచాను. ముందురోజే సేలం నుంచి దిగిన వదిన అయితే గడపలోనే నిలబడిపోయి, "ఏమ్మా, పాలు పొంగించే ఇంట్లో పాత గుడ్డ తగిలిస్తారా ఎవురైనా? చూసినోళ్ళు నవ్వరా?" అంది. అది మా అమ్మ చేతిపని, నవ్వేవాళ్ళను నవ్వనివ్వండి, తీసేది లేదు అన్నాను. ఆమె ముఖం మాడ్చుకుంది. మా ఆయన మాట నిలబెట్టుకోవడానికి పాపం పెరట్లోకి వెళ్ళి దాక్కున్నాడు.

ఆ రోజుల్లో కొత్త ఇంటికి వచ్చేవాళ్ళు తెచ్చే కానుక గోడ గడియారమే కదా. తెల్లవారి పాలు పొంగేసరికే ఐదు గడియారాలు వచ్చి పడ్డాయి. ఇచ్చిన ప్రతివాళ్ళూ అది తగిలించే మేకు కోసం గోడలన్నీ వెతకడమే. వాళ్ళది ఎదురుగా కనపడకపోతే తర్వాత వచ్చినప్పుడు ఎంత నిష్ఠూరమో మీకు చెప్పనక్కరలేదు. నేను అన్నీ నవ్వుతూ అందుకుని లోపలి గదిలో మంచం కిందికి తోసేశాను.

అమ్మ మొదటి బస్సుకే రావాల్సింది, ఆలస్యమైంది. బస్సులో కూర్చునే చోటు దొరికేదాకా రెండు బస్సులు వదులుకుందట, నిలబడితే ఒళ్ళోని పెట్టెకు ఎవరి మోచెయ్యి తగులుతుందోనని. ఆ పెట్టెలోదీ గడియారమే. బంగారు రంగు చట్రం, కింద ఊగే లోలకం, గంటగంటకూ ఒక పాట. సంతలోని అంగడివాడి చేత నాలుగు గడియారాలు మోగించి, విని, ఏరి తెచ్చింది. పెట్టె చంకన పెట్టుకుని నవ్వుతూ హాల్లోకి వచ్చిన మనిషి, గోడ వైపు చూసి అక్కడే ఆగిపోయింది. నేను ఆమె ముఖాన్నే చూస్తున్నాను. నేను అనుకున్న మురిపెం ఎక్కడా లేదు. మొహం నల్లబడిపోయింది.

"దీన్ని ఎందుకు పాపా ఇక్కడ పెట్టినావు? మా ఇంట్లో కప్పుకొనేదానికి దుప్పటి లేకుండా పోయిందని ఊరికంతా చెప్పల్లనా?" అంది మెల్లగా. దాని రంగులు చూడమ్మా, నీ చేతిపని చూడు అని నేను ఏదో చెప్పబోయాను. "సుమ్మా ఉండు, ఇంక మాట్లాడొద్దు. నీకు రంగులు కనపడతా ఉండాయి. నాకు చినిగిపోయిన కోకలే కనపడతా ఉండాయి" అని, అరవై దాటిన మనిషి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని తనే ఎక్కింది. బొంతను కర్రతో సహా దించి, నాలుగు మడతలు పెట్టి సంచిలో కుక్కేసి, నేను కొట్టిన ఆ మేకుకే గడియారం తగిలించింది. అప్పుడే లోపలినుంచి వచ్చిన వదిన, "ఇప్పుడు బాగుండాది చూడు" అంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఊరందరితో పోట్లాడి ఎవరికోసం ఆ గోడ నిలబెట్టుకున్నానో, ఆ మనిషే దాన్ని నా చేతిలోంచి లాక్కుంది. వడ్డనల దగ్గర పని ఉన్నట్టు వెళ్ళిపోయి, ఆ రోజంతా అమ్మతో సరిగా మాట్లాడలేదు. పోయేముందు ఆమెను బస్సెక్కించడానికి కూడా నేను పోలేదు, మా ఆయన్ను పంపాను. దానికి ఈనాటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

ఆ తర్వాత ఎప్పుడొచ్చినా అమ్మ మొదట చూసేది ఆ గోడనే. గడియారం అక్కడే ఉందా, నడుస్తోందా చూసుకుని, చెంగుతో అద్దం తుడిచి, దానికిందే కుర్చీ వేసుకుని కూర్చునేది. ఇంటికి ఎవరొచ్చినా, "ఇది నేను తెచ్చింది" అని చెప్పేదాకా ఊరుకునేది కాదు. బడికి పోయే బస్సు నాకు రెండుసార్లు తప్పిపోయిందని తెలిసి, ఒకనాడు వెనకున్న మర తిప్పి పది నిమిషాలు ముందుకు పెట్టింది. నేనేమో ఆ పాట మోగినప్పుడల్లా పళ్ళు కొరుక్కునేదాన్ని. మరుసటి ఏడు కారిమంగళం పోతే, నా బొంత చింతపండు ఎండబెట్టేదానికి కింద పరిచి ఉంది. అవ్వ ఆకుపచ్చ అంతా మరకలు. నోరు తెరిస్తే ఏమంటానోనని లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. చాలా కాలానికి, ఒక మధ్యాహ్నం ఏదో మాటల్లో అమ్మ తనే చెప్పింది. బావి ఎండిపోయిన ఏడు కుట్టిందట అది. ఆ కుంకుమ చెంగు కత్తిరించిన రోజు అన్నం సయించలేదట. నేను అందమనుకున్న ప్రతి ముక్కా ఆమెకు ఒక లేమి గుర్తు. అప్పుడైనా ఆ గడియారం గురించి ఒక మంచి మాట అని ఉండాల్సింది, అనలేదు. ఆ తర్వాత రెండేళ్ళకే అమ్మ పోయింది.

ఇప్పుడు అర్థమైందా నా కోపం? ఆ పిల్ల చూపించిన బొంత కుట్టుమిషను మీద కుట్టినది, ఏ అవ్వా కట్టని కొత్త గుడ్డలను పాతవాటిలా కనపడేట్టు ఉతికించి కుట్టినది. అది కొని తెచ్చి పెడితే అందమట. పోనీ కోడలిని తిడదామా అంటే, ఆమె అడుగుతున్నది ఆనాడు నేను అడిగిందే. ఎర్రగచ్చు కావాలంటోంది, పేము కుర్చీలు కావాలంటోంది, షోకేసు పీకించేస్తానంటోంది. చేసుకోమ్మా, చెయ్యెత్తి దండం పెడతాను. ఆ ఒక్క గోడ జోలికి మాత్రం రావద్దన్నాను. ముఖం ముడుచుకుంది. అచ్చం ఒకప్పటి నాలాగే ఉంది, నేను అచ్చం మా వదినలాగే ఉన్నాను.

ఈ రోజుల్లో కొత్త ఇంటికి గడియారం తెచ్చేవాళ్ళు లేరు, తెచ్చినా పెట్టనిచ్చేవాళ్ళు లేరు. గోడ మీద ఉన్నది ఎవరిచ్చారని అడిగితే, ఫలానా అంగడి పేరు చెబుతారు. ఆనాడు మంచం కిందికి తోసేసిన ఆ ఐదు గడియారాలు ఎవరెవరు తెచ్చారో ఇప్పుడు తలుచుకుంటే ఒక్కరి పేరూ గుర్తు రావడం లేదు. ఎంత పొగరు నాది.

ఆ డిజైనరమ్మాయి పోతూ పోతూ, ఆంటీ, ఇది టైం కూడా తప్పు చూపిస్తోంది, పది నిమిషాలు ఫాస్టు అంది. తెలుసమ్మా అన్నాను. పాట ఎప్పుడో ఆగిపోయింది, లోలకం ఒక్కోసారి ఊగుతుంది, ఒక్కోసారి ఊగదు. పట్టుకోవాల్సిన బస్సు లేదు, పోవాల్సిన బడీ లేదు. అయినా బ్యాటరీ మార్చిన ప్రతిసారీ స్టూలెక్కి, నా చేత్తోనే మళ్ళీ పది నిమిషాలు ముందుకు తిప్పి పెడుతున్నాను.