పట్టీ రెండోసారి బిగించాల్సిందే

మా తాతయ్య రిసార్టుకు వచ్చినవాళ్లను గుర్రాల మీద అడవి దారుల్లో తిప్పుతాడు. తన చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం చేతకాదు గానీ, జీను పట్టీ దగ్గర మాత్రం ఎవరినీ నమ్మడు. మా ఎర్రగుర్రం మహా టక్కరిది. పట్టీ బిగిస్తుంటే పొట్ట ఉబ్బిస్తుంది. వంద అడుగులు నడిచాక పొట్ట తగ్గి పట్టీ వదులవుతుంది, జీను జారిపోతుంది. అందుకే తాతయ్య అక్కడ ఆపి మళ్లీ బిగిస్తాడు.

"మధ్యలో ఆపితే జనం భయపడుతున్నారు. ఇంకోసారి ఆపితే పనిలోకి రావద్దు" అన్నాడు కొత్త మేనేజరు.

తాతయ్యకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లలో ఆయన తిప్పినవాళ్లలో ఒక్కరూ కిందపడలేదు మరి! వెంటనే ఎర్రదానికి జీను కట్టి, వంద అడుగులు నడిపించి తెచ్చాడు.

"ఆపకుండానే పంపుదాం సారూ. ముందు మీ పాపను ఎక్కించండి."

పాప సంబరంగా పరిగెత్తుకొచ్చింది. మేనేజరు పట్టీ కింద చెయ్యి పెట్టి చూశాడు. పిడికిలంతా దూరింది. గబుక్కున పాపను వెనక్కి లాగి, "బిగించు పెద్దాయనా" అన్నాడు మెల్లగా.

"పరాయి పిల్లలు పడితే ఫర్వాలేదా?" అని తాతయ్య అరిచాడు.

మేనేజరు తల దించుకున్నాడు. "అందరికీ ఆపి బిగించు."

"అది నువ్వు చెప్పాలా!" అంటూ తాతయ్య పట్టీ అందుకున్నాడు.