మంచి కాలికి కట్టిన కట్టు

మొన్న పొద్దున అమీర్‌పేట మెట్రోలో రైలు కోసం నిలబడి ఉంటే పక్కన ఇద్దరు కుర్రాళ్ళు ఒకే ఫోన్‌లో బాస్కెట్‌బాల్ చూస్తున్నారు. బంతి నేలకు కొట్టుకునే చప్పుడు, బూట్లు కీచుమనే చప్పుడు వినపడగానే నా తల దానంతటదే అటు తిరిగింది. వాళ్ళ అభిమాన జట్టు ప్లేఆఫ్స్‌కి చేరిందట. ఎవరు తగిలితే మంచిదో, ఎవరు తగిలితే కష్టమో లెక్కలు వేసుకుంటున్నారు. అంతవరకూ నాకూ సరదాగానే ఉంది. అభిమాని అన్నాక ఆ లెక్కలు వేయకుండా ఉండలేడు. అంతలో ఒకడన్నాడు, "ఇయ్యాల మనోళ్ళు ఓడిపోవాలె భాయ్. గెలిస్తే గా తోపు టీమ్ తగుల్తది. మెయిన్ ప్లేయర్‌ను కూసోబెడితే ఖతం, అంతా సెట్." రెండోవాడు "దిమాగ్ అంటే గది" అని మెచ్చుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్లలకేం తెలుసు, వాళ్ళ మీద కాదు నా కోపం. ఇన్నేళ్ళయినా నా కోపం ఎవరి మీద ఉందో వాళ్ళ మీదే ఉంది. రైలు వచ్చి వెళ్ళిపోయింది, నేను ఎక్కడం మరిచిపోయి సుగుణక్కను తలుచుకుంటూ అక్కడే నిలబడ్డాను.

సుగుణక్క మా హాస్టల్ యజమానురాలు. గుంటూరు నుంచి సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చి, అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మధ్య ఇరుక్కున్న ఆ నాలుగంతస్తుల మేడలో దిగినప్పుడు నాకు బాస్కెట్‌బాల్‌లో ఎంతమంది ఆడతారో కూడా తెలియదు. అక్క కాలేజీ రోజుల్లో ఆడింది. పెళ్ళయ్యాక ఆట ఆగింది కానీ పిచ్చి ఆగలేదు. పంజాగుట్టలోని ఒక చిన్న క్లబ్బు ఆడపిల్లల జట్టంటే ఆమెకు ప్రాణం. ఆదివారం వచ్చిందంటే దొరికినవాళ్ళని దొరికినట్టు ఆటోలో కుక్కి ఆ సిమెంటు కోర్టుకు తీసుకుపోయేది. నిద్ర చాలలేదు, పరీక్ష ఉంది అంటే వినేది కాదు. "కంప్యూటర్ యాడికి పోదు తియ్. జర ఎండ తగలనియ్యి మొకానికి" అనేది. ఆ జట్టులో అందరికన్నా బాగా ఆడే మౌనిక మా హాస్టల్లోనే, నా పక్క మంచం మీదే ఉండేది. కరీంనగర్ అమ్మాయి. ఆట మీద ఉద్యోగం తెచ్చుకుని ఇక్కడే నిలబడాలని దాని ఆశ, లేకపోతే ఊరికి తిరిగి వెళ్ళిపోవాలి. ఒక ప్రభుత్వ సంస్థ తమ జట్టు కోసం అమ్మాయిలను ఎంపిక చేస్తోందని, లీగ్ ఆఖరి మ్యాచ్‌కి ఆ సార్లు వస్తున్నారని తెలిసిన రోజు మౌనికకు అన్నం సహించలేదు.

ఆ ఏడు మా జట్టు సెమీఫైనల్‌కి ముందే చేరిపోయింది. ఆఖరి మ్యాచ్‌తో తేలాల్సింది ఒక్కటే, ఎవరితో ఆడాలన్నది. గెలిస్తే గ్రూపులో మొదటి స్థానం, అవతలి గ్రూపులో రెండోదైన సికింద్రాబాద్ తగులుతుంది. ఓడితే మనది రెండో స్థానం, అక్కడ మొదటిదైన దిల్‌సుఖ్‌నగర్ తగులుతుంది. తమాషా ఏమిటంటే, అసలు గట్టి జట్టు సికింద్రాబాదే. వాళ్ళ పొడుగు పిల్ల మొదట్లో ఊళ్ళో లేక ఒక మ్యాచ్ పోగొట్టుకుని రెండో స్థానానికి జారారు. ఇప్పుడా పిల్ల తిరిగొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌ది అదృష్టం తప్ప ఆట కాదు. ఆ వారమంతా మా హాస్టల్లో టిఫిన్ దగ్గర ఇదే గోల. అక్క ఒక ప్లేట్లో ఇడ్లీ పెట్టి, అటు అల్లం చట్నీ, ఇటు కొబ్బరి చట్నీ గిన్నెలు జరిపి చూపించేది. "ఇడ్లీ మనం. గీ అల్లం చట్నీ సికింద్రాబాద్. గీ కొబ్బరి చట్నీ దిల్‌సుఖ్‌నగర్. ఏదొస్తే దాన్తోటి తినుడే."

"కొబ్బరే రావాలక్కా. అల్లం ఎవరు తట్టుకుంటారు?" అన్నాను నేను.

"నేను సుత గదే మొక్కుతున్న. మొక్కుకునుడు తప్పు కాదు పద్మా. గానీ వడ్డించెటోళ్ళ చెయ్యి గుంజొద్దు" అంది. నాకప్పుడు అది నవ్వులాటగానే తోచింది.

ఆదివారం మేం కోర్టుకు చేరేసరికి మ్యాచ్ సగం దగ్గరికొచ్చింది. ఆటో దొరక్క ఆలస్యమైంది. మా వాళ్ళు వెనకబడి ఉన్నారు. మౌనిక బల్ల మీద కూర్చుని ఉంది, కుడి మడమకు తెల్లటి సాగే కట్టు. పొద్దున మాతో ఇడ్లీ తిని, రెండేసి మెట్లు దూకుతూ వెళ్ళిన పిల్ల. తల ఎత్తడం లేదు. పక్కన క్లబ్బు కార్యదర్శి ప్రసాదరావు గారు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కూల్‌డ్రింకు.

"కొంచెం బెణికిందండీ. రెస్ట్ ఇస్తున్నాం" అన్నాడాయన.

"పొద్దుగాల నా మెట్లు దిగి ఉరికింది. యాడ బెణికింది?" అంది అక్క.

ఆయన గొంతు తగ్గించాడు. "సుగుణ గారూ, మీకు తెలియనిదేముంది? ఈ మ్యాచ్ పోతేనే మనకి మంచిది. సికింద్రాబాద్ తగిలితే నేరుగా ఇంటికే. దీన్నే స్ట్రాటజీ అంటారు."

"గా సార్లు దీన్ని చూడనీకి ఒచ్చిండ్రు గద?"

"దెబ్బ తగిలిందని చెప్పేశాను, వెళ్ళిపోయారు. ఇంకోసారి చూస్తారు లెండి, ఇప్పుడు ఏం మునిగిపోయింది?"

కోర్టు పక్కన రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మౌనిక సన్నగా అంది, "ఆడ్తనంటే టీమ్‌లకెంచి తీసేస్తమన్నరక్కా." ఏం మునిగిపోయిందట! ఎవరి నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడో తెలిసీ, కూల్‌డ్రింకు చప్పరిస్తూ అన్నాడా మాట. నాకు ఈ రోజుకీ ఆ స్ట్రా చప్పుడు వినపడుతుంది, ఈ రోజుకీ చెయ్యి దురద పెడుతుంది.

అక్క అరవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ వేడి సిమెంటు మీద కూర్చుంది. మౌనిక కాలు ఒళ్ళో పెట్టుకుంది. పిన్ను తీసి, కట్టు విప్పడం మొదలుపెట్టింది. అందరూ చూస్తున్నారు. విప్పిందంతా వేళ్ళకు చుట్టుకుంటూ, తొందర లేకుండా, పూర్తిగా విప్పింది. లోపల వాపు లేదు, ఏమీ లేదు. "లేవే. నీ కాలు మంచిగున్నది" అంది. ఆ చుట్టను ప్రసాదరావు గారి చేతిలో పెట్టి, "మీరే ఉంచుకోండ్రి సార్. మీకే అక్కరొస్తది" అంది. మౌనిక లేచింది. కోచ్ ఒకసారి ప్రసాదరావు గారి వంక, ఒకసారి అక్క వంక చూసి, దాన్ని లోపలికి పంపాడు. ఏడుస్తూనే ఆడింది. మేం గెలిచాం.

తర్వాతి ఆదివారం సికింద్రాబాద్ చేతిలో ఓడిపోయాం. చివరి దాకా పోరాడి, ఒక్క బుట్ట తేడాతో. ఇక చూడాలి జనాన్ని! తప్పంతా సుగుణక్కదే అయింది. హాస్టల్ ఆవిడకి ఆటతో పనేంటి అన్నారు. మరుసటి ఏడు జట్టులో మౌనిక పేరు లేదు. ఉద్యోగం వాళ్ళు మళ్ళీ పిలవనూ లేదు. ఓడిపోయి వచ్చిన ఆ సాయంత్రం అక్క అందరి ప్లేట్లలోనూ అల్లం చట్నీయే వేసింది. నేను ఉండబట్టలేక అడిగాను, "కట్టు విప్పకపోతే ఫైనల్‌కి పోయేవాళ్ళం కదక్కా. ఎలాగూ ఆ సార్లు వెళ్ళిపోయారు. ఏంటి లాభం?"

"పోతుంటిమి. పోయి? కాలు బాగలేకుండె అని చెప్పుకుంట, మంచి కాలు పెట్టుకొని అది జిందగీ అంతా కుంటాల్నా?" అంది. గరిటెతో ఇంకొంచెం వేసి, "తిను. కారమైతే నీళ్ళు తాగు" అంది.

పోయినేడు అక్క పోయింది. సంతాప సభకు ప్రసాదరావు గారూ వచ్చాడు. మైకు పట్టుకుని, సుగుణ గారు క్రీడాస్ఫూర్తికి మారుపేరు, మా క్లబ్బుకు తల్లి లాంటివారు అన్నాడు. ఆ ఓటమి తర్వాత ఆమెను లోపలికి రానివ్వకుండా కోర్టు గేటు దగ్గరే ఆపించింది ఆయనే. నేను లేచి నిలబడి, "ఆ కట్టు సంగతి కూడా చెప్పండి సార్" అన్నాను. ఆయన నీళ్ళు తాగాడు. వాచీ చూసుకున్నాడు. తర్వాతి వక్తను పిలిచారు. జనం నన్నే వింతగా చూశారు. చూస్తే చూడనీ. అక్క నాకిచ్చి వెళ్ళిన ఆస్తి ఈ కోపమే, దీన్ని పోగొట్టుకునే ఉద్దేశం నాకు లేదు.

మౌనిక ఊరికి తిరిగి పోలేదు. ఇప్పుడు యూసుఫ్‌గూడ వైపు ఒక బడిలో ఆటల టీచర్. ఈ ఆదివారం దాని పిల్లల ఆఖరి లీగ్ మ్యాచ్ ఉంటే వెళ్ళాను. గోడ పక్కన తల్లిదండ్రులు లెక్కల్లో మునిగి ఉన్నారు, ఓడితే ఎవరు, గెలిస్తే ఎవరు అని. నేనూ మనసులో కొబ్బరి చట్నీనే కోరుకున్నాను, అబద్ధమెందుకు. మౌనిక ఈల ఊదింది. పిల్లలంతా వరసగా నిలబడి సాక్సులు కిందికి లాగారు. అది ఒక్కొక్కరి ముందూ వంగి, మడమ తాకి చూసుకుంటూ పోయింది. "రోజూ ఇంతేనా?" అని చివరి పిల్లను అడిగాను. "ప్రతి మ్యాచ్‌కీ ఇంతే ఆంటీ, ఎందుకో మేడమ్ చెప్పదు" అని సాక్సు పైకి లాక్కుని కోర్టులోకి ఉరికింది.