రెండు కాగితాలు, ఒకే చేతిరాత

మా వీధిలో హిందీ రాసిపెట్టేది నేనే. భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్ల వరుసంతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చినవాళ్ళది. పెద్దవాళ్ళకి హిందీ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇక్కడే పుట్టిన పిల్లలకి రాయడం వచ్చు, కూర్చుని రాసే ఓపిక లేదు. సెలవు చీటీ, కుళాయి కారుతోందన్న ఫిర్యాదు, ఏది కావాలన్నా మా గుమ్మంలోకి వచ్చేవారు. నేను ఎక్కువ మాట్లాడను కాబట్టి విన్నది బయటపెట్టనని వాళ్ళ నమ్మకం. సాయంత్రమయ్యేసరికి అదంతా నా డైరీలో ఉండేది.

డైరీ రాసుకునే కిటికీ పెరటివైపు ఉంది. పక్క క్వార్టరు పెరట్లో ఒక రేకుల షెడ్డు. నేను బి.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా అందులోకి ఒకావిడ వచ్చి చేరింది. యాభై దాటి ఉంటాయి. పవర్ హౌస్ బజార్లో టిఫిన్ బండివాళ్ళకి పిండి రుబ్బేది. మనవైపు మనిషేనని పక్కింటివాళ్ళు చెప్పారు.

కొత్త తెలుగు మనిషి కనబడితే మావాళ్ళు ముందు ఊరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు. అమ్మ గోడ మీదుగా అడిగింది. ఆవిడ ఇంటిపేరు చెప్పింది. ఊరి దగ్గరకొచ్చేసరికి "టెక్కలి అవతల" అని, పొయ్యి మీద ఏదో ఉందంటూ లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ పుట్టిల్లు అటే. ఇంకోసారి నాలుగు ఊళ్ళ పేర్లు చెప్పి చూసింది, ఆవిడకి ఒక్కటీ తెలియలేదు. ఆ రోజు నుంచి మా వీధి ఆవిడతో మాట్లాడటం తగ్గించి, ఆవిడని చూడటం మొదలుపెట్టింది.

అందరికంటే ఎక్కువ చూసింది నేను. పొద్దున్నే బుగ్గలకి పసుపులాంటిది పూసుకుంటుంది, కానీ అది పసుపు రంగు కాదు. ఇంట్లో ఉన్నంతసేపూ పూల లుంగీ కట్టుకుంటుంది. చిన్న రేడియో చెవి దగ్గర పెట్టుకుని వింటుంది, అందులో మాట హిందీ కాదు, బెంగాలీ కూడా కాదు. నెలకోసారి నీలం అంచుల కవరు వస్తుంది. దాన్ని అక్కడే చించదు, జాకెట్టులో దోపుకుని తలుపు వేసుకుంటుంది. ఇవన్నీ తేదీలతో సహా రాసుకున్నాను. రాసిన కొద్దీ అనుమానం గట్టిపడింది. ఏమీ దాచని మనిషి తలుపెందుకు వేసుకుంటుంది?

అప్పుడే ఓటర్లకి ఫోటో కార్డులిస్తామని జాబితా స్కూలు గోడకి అంటించారు. ఆవిడ పేరు అందులో ఉంది. మా తెలుగు సంఘం పెద్ద ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు. నేను ఆయన్ని పెదనాన్నా అనేదాన్ని. సరిహద్దు దాటి వచ్చినవాళ్ళు ఊళ్ళలో చేరిపోతున్నారని రోజూ పేపర్లో వస్తున్న రోజులు. ఉద్యోగాలన్నీ బయటివాళ్ళే తన్నుకుపోయారని బజార్లో మాటలు వినిపించేవి. ఆ బయటివాళ్ళలో మేమూ ఉన్నామని మాకు తెలుసు.

"మనలో ఒక దొంగపేరు దొరికిందనుకో, రేపు మనందరి కార్డులూ లాగుతారు. మనమే ముందు సెప్పీయాల" అన్నారాయన నాన్నతో.

నాన్న నావైపు తిరిగారు. "నువ్వు రోజూ ఏటో రాసుకుంటావు గదమ్మా. ఆవిడ గురించి ఏటైనా రాసేవా?"

డైరీ తెచ్చాను. అంతవరకు దాన్ని ఎవరి ముందూ తెరవలేదు. పెదనాన్న వింటూ తల ఊపుతుంటే గొంతు కొంచెం పెద్దదయింది కూడా. ఓటర్ల జాబితా మీద అభ్యంతరంగా, ఆవిడ బంగ్లాదేశ్ మనిషని రాసేయమన్నారాయన. అది మనకి తెలియదని, "విదేశీయురాలన్న అనుమానం" అని హిందీలో రాశాను. న్యాయంగా రాశాననుకున్నాను. కింద నీలం కవర్లు, రేడియో, లుంగీ, బుగ్గల పూత, అన్నీ వరసగా. ఆయన తెలుగులో సంతకం పెట్టారు.

రెండు వారాల తర్వాత ఆవిడ మా గుమ్మంలో నిలబడింది. చేతిలో హిందీ నోటీసు.

"నీ రాత బాగుంటాదని సెప్పినారు గుంటా. ఇదేటో సదివి, జవాబు రాసిపెట్టు."

ఎవరో అభ్యంతరం పెట్టారని, విచారణకి రమ్మన్నారని చదివాను. ఎవరని ఆవిడ అడగలేదు. గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పాత కాగితం తీసింది. తాత రోజుల్లో టెక్కలి అవతల ఊరొదిలి రంగం వెళ్ళారట. రంగూన్‌ని మావైపు పాతవాళ్ళు అలాగే అంటారు. అక్కడ బియ్యం మిల్లులో పని. ఆవిడ పుట్టింది అక్కడే. తర్వాత అక్కడి ప్రభుత్వం దుకాణాలూ మిల్లులూ లాగేసుకుంటే మనవాళ్ళని ఓడ ఎక్కించి పంపేశారు. ఆ కాగితం విశాఖలో ఓడ దిగిన రోజు తాత ఊరి పేరు రాసి ఇచ్చినది. చెల్లెలు అక్కడివాణ్ణి పెళ్ళాడి అక్కడే ఉండిపోయింది. నీలం కవర్లు ఆ చెల్లెలివి.

నేను కాగితం వెలుతురులో పెట్టి చూశాను. ముద్ర వెలిసిపోయింది. ఫోటోలో ఉన్నది పాతికేళ్ళ పిల్ల. ఎవరిదో కాగితం తెచ్చుకుని ఉండకూడదా?

"ఈ ఫోటో మీదేనా పెద్దమ్మా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "రేపు నీకూ కార్డు ఇస్తారు గదా. అందులో నీ మొకం నీకే తెలీదు, సూడు" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది, "పేరు కొట్టీసినారంటే పక్కింటోలు ఆ రేకులకింద కూడా ఉండనివ్వరు. ఇంకెక్కడికెల్తాను?"

ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఓడ దిగినప్పుడు విశాఖలో కూడా బర్మావాళ్ళనే పిలిచారట. ఇక్కడైనా మనవైపు మనిషి అనిపించుకుందామనుకుందట.

జవాబు రాశాను. సగం నమ్మి, సగం నమ్మక రాశాను. అదే పెన్ను, అదే ఫుల్‌స్కేపు కాగితం. విచారణకి తోడు రమ్మంటే కాదనలేకపోయాను.

స్కూలు గదిలో బెంచీ మీద అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. పెదనాన్న, నాన్న ఒకవైపు. ఆవిడ, నేను ఒకవైపు. రెండిట్లోనూ ఉన్నది ఒకే చేతిరాత అన్న సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. అధికారికి తట్టింది. అభ్యంతరం చదివాడు, జవాబు చదివాడు, మళ్ళీ మొదటిది తీశాడు.

"బేటీ, ఈ రెండూ నువ్వే రాశావా?" అని హిందీలో అడిగాడు.

అవునన్నాను. ఎవరి తరఫు అని అడిగాడు. నేను అటు పెదనాన్ననీ ఇటు ఆవిడనీ చూశాను. పుట్టిన ఊరు అడిగాడు. ఇక్కడి ప్లాంటు ఆసుపత్రి అన్నాను. మీ నాన్న పుట్టిన ఊరికి కాగితం ఉందా అన్నాడు. నాన్న జేబు తడుముకున్నారు, అందులో గేట్ పాస్ తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో ఆ గదిలో ఊరి కాగితం ఉన్నది ఆవిడ ఒక్కదానికే. అధికారి ఓడ కాగితం అటూ ఇటూ తిప్పి, పేరు ఉంచుతున్నానని రాసి, మమ్మల్ని వెళ్ళమన్నాడు.

ఆవిడకి హిందీ చదవడం, రాయడమే రాదు, వింటే బాగానే అర్థమవుతుంది. వరండాలో ఆగింది.

"ముందరి కాగితంలో ఏటి రాసినావో తెలుగులో సెప్పు."

పెదనాన్న వెళ్దామన్నట్టు గొడుగు అందుకున్నారు. ఆవిడ కదల్లేదు. నేను చెప్పాను. చూడకుండానే అన్నీ గుర్తున్నాయి. బుగ్గలకి పసుపులాంటిది అన్నప్పుడు, "సెక్క. రంగంలో ఆడోలందరం రాతిమీద అరగదీసి పూసుకుంటాం" అంది. నెలకోసారి కవరు అన్నప్పుడు, "మజ్జిన మూడు నెల్లు రానేలేదు, అది రాయలేదేటి?" అంది. రాయలేదు. రాని రోజులు నేను రాసుకోలేదు. అంతా అయ్యాక కాగితం మళ్ళీ ప్లాస్టిక్‌లో చుట్టుకుని ఒక్కతే నడిచి వెళ్ళిపోయింది.

దారిలో పెదనాన్న నాకంటే పదడుగులు ముందు నడిచారు. అవతలివాళ్ళకి కూడా రాసిచ్చే పిల్ల అని వీధిలో అనుకున్నారట. సెలవు చీటీలు కూడా నా దగ్గరికి రావడం ఆగిపోయింది. నాన్న పెట్టె అడుగునంతా వెతికి, చిన్నప్పటి బడి కాగితం కోసం ఊరికి ఉత్తరం రాశారు.

మర్నాడు డైరీ పట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేసరికి షెడ్డుకి మావైపు గోనెపట్టా కప్పి ఉంది. నాలుగు మూలలా మేకులు కొట్టి బిగించింది. వెనక రేడియో చిన్నగా వినిపిస్తోంది. ఏ భాషో ఇప్పుడు తెలుసు. అయినా చాలాసేపు చెవి అటే పెట్టాను.