ఫ్రాన్సుకు బయల్దేరిన అరుంధతి

మొన్న మా పెదనాన్న కూతురు రాజ్యం పెళ్లిలో చుట్టాలందరి చేతా నేను దేనికి దండం పెట్టించానో తెలిస్తే మీరిక నాతో మాట్లాడరు. అయినా చెబుతా. తప్పు సగమే నాది.

పెళ్లి మిట్టమధ్యాహ్నం. తాళి కట్టాక అయ్యవారు వధూవరులను వాకిట్లోకి తీసుకొచ్చి, మండే ఎండలో ఆకాశం వైపు వేలు చూపించి, "అదిగో అరుంధతి! కనిపించిందా?" అన్నారు.

"కనిపించింది" అన్నాడు పెళ్లికొడుకు, కళ్లు గట్టిగా మూసుకుని. రాజ్యం తలూపింది. అత్తలందరూ తలూపారు.

"యాడ?" అన్నాను నేను.

అంతే! మేళం కూడా ఆగిపోయింది.

"ఏంది పాపా, అరుంధతీదర్శనమంటే తెలుసునా నీకు?" అన్నారు అయ్యవారు.

తెలియకేం? నిఘంటువు ముందేసుకుని, ఎవరూ నేర్పకుండా కూడబలుక్కున్న చదువు నాది! "రుంధతి అంటే అడ్డగించేది. ముందు 'అ' చేరితే అడ్డగించనిది. వసిష్ఠుడి భార్య, ఆయన పక్కనుండే చిన్న చుక్క. దర్శనమంటే చూడడం. చూశామని చెప్పడం కాదు!"

పెదనాన్న మీసం వణికింది. "సరే, చీకటి పడ్డాక నువ్వే చూపించు. చూపిస్తే చదువుకో. లేదా, నీ పుస్తకాలన్నీ అటక మీదికి."

చీకటి పడగానే అందరినీ మిద్దె ఎక్కించాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆవిడ పేరుకు అర్థం చదివానే గానీ ఏ దిక్కున ఉంటుందో చదవలేదని! వెనక్కి తగ్గుతానా? తూర్పున సముద్రం మీద రెండు వెలుగులు కనిపించాయి. "అదిగో! పెద్దది వసిష్ఠుడు, పక్కన చిన్నది అరుంధతి!"

అందరూ చేతులు జోడించారు. అయ్యవారు మంత్రం కూడా అందుకున్నారు.

అప్పుడు వసిష్ఠుడు కదిలాడు. వెనకే అరుంధతి. ఆపైన బో...మని కూత! మా రేవు నుంచి ఫ్రాన్సుకు పోయే ఓడ దీపాలు!

"ఆలుమగలిద్దరూ ఫ్రాన్సుకు బయల్దేరినట్టున్నారే!" అన్నారు అయ్యవారు. మిద్దె కూలేటంత నవ్వులు.

రాజ్యం నా కొంగు లాగింది. "ఒసేయ్, ఉత్తరాన చూడు. ఆ ఏడు చుక్కల్లో ఒకదాన్ని ఆనుకుని చిన్నదుంది..."

నిజమే! అంతసేపూ ఆవిడను పట్టించుకోకుండా ఓడకు మొక్కుతున్నాం.

"చూపించింది రాజ్యం, నువ్వు కాదు" అన్నారు పెదనాన్న. పుస్తకాలు అటకెక్కాయి.

ఎక్కనీ. నిచ్చెన ఎక్కడం నాకూ వచ్చు. ఇప్పుడు అటక మీదే కూర్చుని చదువుతున్నా. ఆయన కింద నుంచి అరుస్తారు, నేను పేజీ తిప్పుతాను. పగలు వాళ్లు ఉత్త ఎండకు తలూపారు. నేను కనీసం వెలిగేదాన్నే చూపించాను కదా!

కాకపోతే ఒకటి. ఏ చుక్కకైనా చేతులెత్తే ముందు, కూత పెడుతుందేమోనని కాసేపు ఆగుతున్నాను.