తోలు తొడుగులు విప్పిన సాయంత్రం

2004 జూన్‌లో నేను వెల్లింగ్టన్‌లో ప్రభుత్వ అతిథుల పర్యటనల విభాగంలో విజిట్స్ ఆఫీసర్‌ని. ప్రొటోకాల్ అధికారి కింది హోదా అది. విదేశాల నుంచి వచ్చే ప్రజాప్రతినిధి విమానం దిగినప్పటి నుంచి తిరిగి ఎక్కేదాకా ఆయన కార్యక్రమం నడపడం నా పని. ఆ నెల నాకు అప్పగించిన అతిథి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు మిస్టర్ ఆల్డర్లీ. మా ఎన్నికల విధానాన్ని అధ్యయనం చెయ్యడానికి ఒంటరిగా వచ్చారు.

ఆయన ఉత్తర ఇంగ్లండ్‌లో, బొగ్గు గనులు మూతబడ్డ ఒక చిన్న ఊళ్ళో మొదట బడిపంతులు. తర్వాత ఆ ఊరి కౌన్సిలర్, ఆపైన ఎం.పి. కొంతకాలం సహాయమంత్రి పదవి చేసి మళ్ళీ మామూలు సభ్యుడిగా వెనక బెంచీకి వచ్చేశారు. రాజకీయాలు కాక ఆయనకున్న ఒకే వ్యాపకం చర్చి గంటలు మోగించడం. ఇంగ్లీషు పద్ధతిలో ఒక్కో గంట ఒక్కో పెద్ద చక్రానికి బిగించి ఉంటుంది. ఒక్కో తాడు ఒక్కో మనిషి చేతిలో. పాటలాంటిదేమీ వాయించరు, గంటల వరుస మారుస్తూ పోతారు. వెల్లింగ్టన్‌లో అలాంటి గంటలున్న చర్చి గోపురం ఉందని తెలిసి, మంగళవారం సాయంత్రం అభ్యాసానికి రావచ్చా అని ముందే అడిగారు. కార్యక్రమ పత్రంలో అది 'సొంత సమయం' కింద చేరింది. గంటల బృందానికి పెద్ద అయిన జూడిత్‌తో నేనే మాట్లాడి ఏర్పాటు చేశాను.

ఆ మంగళవారం పొద్దున బ్రిటిష్ హైకమిషన్ నుంచి నాకు ఫోన్ వచ్చింది. మిస్టర్ ఆల్డర్లీ ఊరికి చెందిన ఒక సైనికుడు ఇరాక్‌లో చనిపోయాడు.

కారులో ఆయనకు చెప్పాను. ఆ అబ్బాయి తన దగ్గరే చదువుకున్నాడని ఆయన చెప్పారు. అక్కడ ఎం.పి.లు వారం వారం తమ ఊళ్ళో జనాన్ని కలుస్తారు. దాన్ని సర్జరీ అంటారు, పేరుకే వైద్యం. ఇరాక్ యుద్ధం మీద పార్లమెంటులో ఓటింగుకు ముందు ఆ అబ్బాయి తల్లి సర్జరీకి వచ్చి, వద్దని ఓటెయ్యమని అడిగి వెళ్ళింది. ఓటు ఎలా వెయ్యాలో సభ్యులకు ఆదేశమిచ్చే పార్టీ విప్ మాత్రం అనుకూలంగా వెయ్యమన్నాడు. ఈయన విప్ మాట విన్నారు.

రెండు పనులు చెయ్యమన్నారు. ఆ తల్లితో మాట్లాడడానికి ఫోనున్న గది ఒకటి చూడాలి. సాయంత్రం గంటలకు తొడుగులు కట్టమని జూడిత్‌కు చెప్పాలి. చావు వార్తకు గంట నాలుకకు ఒకవైపు తోలు తొడుగు కడతారు. ఒక దెబ్బ మామూలుగా, మరో దెబ్బ ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు మందంగా వినిపిస్తుంది.

అక్కడ అప్పటికి రాత్రి అయి ఉంటుందని గుర్తుచేశాను.

"ఆవిడకు ఇవాళ నిద్రెక్కడిది?" అన్నారు.

ఆయన గదిలో ఉండగా నేను వరండాలోంచి జూడిత్‌కు ఫోన్ చేశాను. సరేనంది. ఆయన త్వరగానే బయటికొచ్చారు. కారెక్కాక, అడక్కుండానే, గంటల సంగతి చెబితే ఆ తల్లి ఏమన్నదీ చెప్పారు.

"మా వాడి పేరు చెప్పి మీరు గంటలు కొట్టొద్దు. మిమ్మల్ని నేను అడిగింది ఒక్కటే. అది మీరు చెయ్యలేదు."

అంత్యక్రియలకు కూడా రావద్దన్నదట. తిరుగు ప్రయాణం ముందుకు జరపమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నారు.

చర్చికి రావడం మానేస్తారనుకున్నాను. వచ్చారు. వాన పడుతోంది, అక్కడ చలి తెచ్చే దక్షిణపు గాలి. జూడిత్ అప్పటికే తొడుగులన్నీ కట్టించింది. వాటిని తీసెయ్యాలని ఆయన చెప్పారు.

"మళ్ళీ పైకెక్కాలండీ. ఉండనివ్వండి, వినేవాళ్ళకేం తెలుస్తుంది?" అంది జూడిత్.

"నాకు తెలుస్తుంది. ఆ తల్లి వద్దంది."

కోటు విప్పి తనే నిచ్చెనెక్కారు. దిగేసరికి చేతుల నిండా నల్ల గ్రీజు. తొడుగులు బెంచీ మీద పెట్టి వాటి పక్కనే కూర్చున్నారు. ఆయన కోసం ఉంచిన తాడు జూడిత్ చూపించింది. ఆయన తల అడ్డంగా ఊపారు. ఒక మనిషి తక్కువగానే వాళ్ళు అభ్యాసం కానిచ్చారు. అయిపోయేదాకా ఆయన నేల చూస్తూ విన్నారు.

ఆ రాత్రి ఊరి శివారు జాన్సన్‌విల్‌లో మా ఇంటికి వచ్చి కోటు కూడా తీయకుండా కూర్చున్నాను. మా ఆయనది కరీంనగర్.

"ఏమైంది, గట్ల కూసున్నవ్?" అన్నారు.

చెప్పాను.

"ఆయన జాగల నువ్వుంటే ఫోన్ చేస్తుంటివా?"

"చేసేదాన్నేనండీ. గంటల సంగతి మాత్రం ఎత్తేదాన్ని కాదు."

"చెప్పకుంట కొడితే ఇంకా తప్పు కాదా?" అన్నారాయన.

మర్నాడు ఎన్నికల విధానం మీద సమావేశం. మా దగ్గర కొందరు సభ్యులు ఏ నియోజకవర్గం నుంచీ కాక, పార్టీ ఇచ్చిన జాబితా నుంచి సభలోకి వస్తారు. మిస్టర్ ఆల్డర్లీ అంతా రాసుకుని, చివర్లో ఒకే ప్రశ్న అడిగారు. కొడుకు పోయిన తల్లి జాబితా సభ్యుల్లో ఎవరిని నిలదియ్యాలి? అధ్యక్షస్థానంలో ఉన్నాయన, ఎవరినైనా అడగవచ్చు అన్నారు. "అంటే ఎవరినీ కాదన్నమాట" అని మిస్టర్ ఆల్డర్లీ పుస్తకం మూసేశారు.

మరుసటి ఏడాది ఆయన ఎన్నికల్లో నిలబడలేదు. గంటలు మోగించేవాళ్ళందరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుస్తుంది. ఆయన తమ ఊరి గోపురం ఎక్కడం కూడా మానేశారని ఆ తర్వాత ఎప్పుడో జూడిత్ చెప్పింది. ఆ తల్లి ఆయనతో మళ్ళీ మాట్లాడిందో లేదో జూడిత్‌కూ తెలియదు.

తర్వాతి ఉద్యోగకాలంలో ఇలాంటి కబురు నా చేతికి మరికొన్నిసార్లు వచ్చింది. అతిథి పుష్పగుచ్ఛమో మౌనమో ప్రార్థనో కోరితే, పోయినవాళ్ళ ఇంటి నుంచి సరేనని కబురు వచ్చేదాకా ఏర్పాట్ల కోసం నేను ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. కొత్తగా చేరినవాళ్ళకూ అదే నేర్పాను. సంతాపం తెలిపేవాడు పదవిలో ఉన్నవాడైతే, దాన్ని తీసుకోవాలా వద్దా అన్నది అవతలివాళ్ళ హక్కు.